దాతలతో తెగిపోని బంధము

(సికింద్రాబాదు శతవార్షికోత్సవ సభలలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవము అనగానే మన చూపు కట్టడముల మీదికి పోవును. ఈ దేవాలయము ఎవరు కట్టించిరి, ఆ బడి ఏ సంవత్సరమున తెరచిరి, ఆసుపత్రికి పునాది వేసినది ఎవరు అని చెప్పుకొని సంతోషింతుము. అది మంచిదే. అయితే పెద్దలు ఈ దినము మాకు అప్పగించిన అంశము కట్టడములను గూర్చినది కాదు, ఆ కట్టడములకు ధనమిచ్చిన వారిని గూర్చినది. ఇచ్చిన వారితో మన బంధము ఎట్లు మొదలగును? ఎట్లు నిలుచును? ఎట్లు తెగిపోవును? దీనిని మనము కలసి ఆలోచింతము.

మేము చెప్పదలచిన మాట ముందే చెప్పివేసెదము. అడిగినచో డబ్బు రావచ్చును. "అడగందే అమ్మయినా పెట్టదు" అని మన పెద్దలు అన్నారు. కనుక అడుగుటలో సిగ్గుపడవలసినది లేదు. కాని అడిగినందువలన బంధము నిలువదు. ఇచ్చిన తరువాత మనము ఒప్పజెప్పెడి లెక్కవలనను, వ్రాసెడి ఉత్తరమువలనను, చూపెడి పనివలనను మాత్రమే అది నిలుచును.

రశీదు పుస్తకము చేత పట్టినప్పుడే గుర్తుకు వచ్చువారు

మన సంఘములలో దాత అనగానే ఎవరు మనస్సులోనికి వత్తురు? ముందుగా విదేశములలోని మిత్రులు. తరువాత నగరములో పెద్ద ఉద్యోగము చేయుచున్నవారు, వ్యాపారస్థులు. ఆ తరువాత అమెరికాలోను, గల్ఫు దేశములలోను ఉన్న మన పిల్లలు. ఇండ్లలో గిన్నెలు తోమి నెల జీతములో నుండి కవరులో పెట్టి కానుక వేయు తల్లిని దాత అని పిలుచుటకు మన నోరు త్వరగా తిరుగదు. ఆమెను 'సభ్యురాలు' అందుము. సంఘ పుస్తకములో ఆమె పేరు ఎదుట కట్టవలసిన బాకీ వ్రాసియుండును గాని, ఆమె ఇచ్చినదానితో ఏమి జరిగెనో ఆమెకు చెప్పువారు ఉండరు.

పెద్ద దాతలకైనను మనము చేయునదేమి? కట్టడము పూర్తియగువరకు ఇంటికి పోవుదుము, ఫోను చేయుదుము, పుట్టినరోజున ప్రార్థన చేయుదుము. ప్రతిష్ఠ జరిగిన దినమున శాలువ కప్పుదుము. మరునాటి నుండి మరచిపోవుదుము. ఏరు దాటేదాక ఓడ మల్లన్న, ఏరు దాటినాక బోడి మల్లన్న అను సామెత లోకమునకే గాని సంఘమునకు తగదు అని అనుకొందుము గాని, సంఘములోను అదే జరుగుచున్నది. మరల కప్పు కారినప్పుడో, ప్రహరీగోడ పడినప్పుడో మల్లన్న జ్ఞాపకమునకు వచ్చును.

మేము ఎరిగిన ఒక సంఘములో బోర్డింగు పిల్లల గది కప్పు కొరకు చందా పట్టిరి. కూలిపని చేసికొను ఒక విధవరాలు ఐదు వందల రూపాయలు ఇచ్చెను. రెండేండ్లు గడచినవి. కోతపండుగ నాడు ఆమె కమిటీ పెద్దలను అడిగెను: "అయ్యా, పిల్లల మీద కప్పు పడినదా?" ఎవరును జవాబు చెప్పలేకపోయిరి. అందులో దొంగతనమేమియు లేదు. డబ్బు బ్యాంకులోనే ఉన్నది, అంచనాకు సరిపోక పని ఆగినది. కాని ఆ సంగతి ఆమెకు ఎవరును చెప్పలేదు. ఆ సంవత్సరము ఆమె కానుక ఇచ్చినది. ఐతే కవరు మీద "దేవునికి మాత్రమే" అని ఎవరిచేతనో వ్రాయించి ఇచ్చినది. ఆ రెండు మాటలలో ఉన్న గాయము పెద్దలు గ్రహించిరో లేదో మాకు తెలియదు. ఆమె దేవుని విడువలేదు, మనలను నమ్ముట విడిచినది.

ఫిలిప్పీ సంఘమునకు వ్రాయబడిన ఉత్తరము

వేదాంత కళాశాలలో చదువు దినములలో ఫిలిప్పీ పత్రికను సంతోషపు పత్రిక అని నేర్చుకొంటిమి. సంఘ సేవలోనికి వచ్చి, లెక్కల పుస్తకములు చూడవలసి వచ్చిన తరువాత, అది ఒక దాతల సంఘమునకు వ్రాసిన కృతజ్ఞతా పత్రిక కూడ అని తెలిసికొంటిమి. పౌలు చెరలో ఉన్నాడు. ఫిలిప్పీవారు ఎపఫ్రొదితు చేతికి కానుక ఇచ్చి పంపిరి. దానికి జవాబుగా ఆయన వ్రాసిన సంగతులు చూడుడి.

మొదట, కానుక ముట్టినది అని తేటగా చెప్పుచున్నాడు. ఎవరి చేత పంపిరో ఆ మనిషి పేరు చెప్పుచున్నాడు. రెండవది, పూర్వము థెస్సలొనీకలో ఉన్నప్పుడు కూడ వారు ఒకటికి రెండుసార్లు పంపిన సంగతి మరువక జ్ఞాపకము చేయుచున్నాడు. మూడవది, కానుక తెచ్చినవాడు చావుకు దగ్గరయగునంతగా జబ్బుపడిన సంగతి దాచక వ్రాసి, కోలుకొన్న సంగతియు వ్రాయుచున్నాడు. నాలుగవది, తనకు కావలసినది వారి సొమ్ము కాదని, వారికే కలుగు ఫలమని చెప్పుచున్నాడు. ఇంకను పంపుడని ఒక్క మాటయైనను ఆ పత్రికలో లేదు. నేటి మన ఉత్తరములలో మొదటి వాక్యము వందనము, రెండవ వాక్యము అవసరము, మూడవ వాక్యము బ్యాంకు ఖాతా నంబరు!

యెరూషలేములోని బీదల కొరకు పోగుచేసిన చందా విషయములోను అదే జాగ్రత్త కనబడును. అపొస్తలుడే గదా, ఒంటరిగా తీసికొనిపోయినను ఎవరు అడుగుదురు? అయినను తీతుతో కూడ సంఘములు ఏర్పరచిన మనుష్యులను పంపెను. పెద్ద మొత్తమును గూర్చి ఎవరును తప్పుపట్టుటకు వీలులేకుండ దేవుని యెదుటనే గాక మనుష్యుల యెదుటను సరిగా నడచుకొనుట ఆయన ఉద్దేశము. "మేము దేవుని యెదుట పవిత్రులము, లెక్క ఎందుకు?" అను పెద్దలు ఈ భాగమును మరల చదువవలెను.

మన నేల మీద నిలిచిన సాక్ష్యములు

దూరము పోనక్కరలేదు. ఈ సికింద్రాబాదు నుండియే మొదలు పెట్టుదము. 1895లో ఛార్లెస్ వాకర్ పాస్నెట్ గారు సికింద్రాబాదునకు వచ్చి తిరుమలగిరి దండులో సైనికుల మధ్య సేవచేసి, అక్కడ తృప్తి పడక మెదకు గ్రామసీమకు వెళ్లిరి. అక్కడ కట్టబడిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. 2024లో దానికి నూరేండ్లు నిండినవి. సుమారు 200 అడుగుల పొడవు, 175 అడుగుల గోపురము గల ఆ కట్టడమును చూచి మనము దొరలు కట్టించిరి అందుము. నిజమే, సొమ్ము చాలవరకు సముద్రము దాటి వచ్చినది. వెస్లియన్ మిషనరీ సంఘమునకు ఇంగ్లండులోని సామాన్య విశ్వాసులును, చిన్న పిల్లలును కూడబెట్టిన చందాలు వచ్చెడివి. కాని కరువు దినములలో ఆ రాళ్లు మోసి కూలిగా అన్నము తిన్నవారు ఇక్కడి జనులు. ఒకరు ధనమిచ్చిరి, ఒకరు చెమట ఇచ్చిరి. శిలాఫలకము మీద రెండవవారి పేర్లు లేవు గాని, ఇద్దరును దాతలే.

రెండవ సాక్ష్యము డిచ్‌పల్లి. 1907లో హైదరాబాదు రాజ్యమునకు వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు, ఆమె భర్త జార్జి కెర్ గారు, 1911లో నిజామాబాదులో కుష్ఠు వ్యాధిగ్రస్తులకు పని ఆరంభించిరి. వచ్చు రోగులకు ఆ చోటు చాలలేదు. అప్పుడు వారిని ఆదుకొన్నవారు రాజా నర్సాగౌడ్ గారు. ఆయన మన సంఘస్థుడు కాడు, హిందువు. ఆయన సహాయముతో 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి వెలసినది. 1932లో ఇసబెల్ అమ్మగారు చనిపోయిరి. ఆసుపత్రి పని ఆమెతో ఆగలేదు.

ఒక హిందూ పెద్దమనిషి క్రైస్తవ ఆసుపత్రికి ఎందుకు ఇచ్చెను? ఊరు వెలివేసిన వారి పుండ్లు కడుగు చేతులు ఆయన కండ్లయెదుట ఉన్నవి. పని పొరుగుననే జరుగుచుండగా విజ్ఞాపన పత్రముతో ఏమి పని? కాబట్టి దాతలు దొరకుట లేదని చింతించువారు ముందు తమ పనిని తలుపులు తెరచి చూపగలరా అని ప్రశ్నించుకొనవలెను. మన బడిలో, మన బోర్డింగులో, ఎవరైనను ఏ దినముననైనను వచ్చి అన్నపు గిన్నె మూత తీసి చూడవచ్చునా?

డిచ్‌పల్లికి సహాయపడిన మిషన్ టు లెపర్స్ అను సంస్థ పుట్టుకయు తెలిసికొనదగినది. పంజాబులో ఉపాధ్యాయుడుగా పనిచేసిన వెల్లెస్లీ బెయిలీ అను ఐర్లండు దేశస్థుడు 1874లో స్వదేశమునకు పోయి, డబ్లిన్ దగ్గర కొందరు స్నేహితులకు తాను ఇక్కడ కండ్లార చూచిన రోగుల స్థితిని వివరించెను. ఆ స్నేహితులలో ఒకరైన షార్లెట్ పిమ్ అను ఆమె సంవత్సరమునకు 30 పౌండ్లు పోగుచేసి పంపెదనని మాట ఇచ్చెను. ఆయన చెప్పిన సంగతులను చిన్న పుస్తకముగా అచ్చువేసి పంచిరి. మొదటి సంవత్సరముననే 30కి బదులు 600 పౌండ్లకు దగ్గరగా వచ్చినవి! నూట ఏబది ఏండ్లు దాటినను ఆ సంస్థ నేటికిని పనిచేయుచున్నది. మొదట ఉన్నది ఏమి? గొప్ప ధనవంతుడు కాదు. చూచినది చూచినట్లు చెప్పిన ఒక మనిషి, ఇచ్చిన మాటను ఏటేట నిలుపుకొన్న కొందరు స్నేహితులు. అంతే.

చెడు వార్త కూడ వ్రాయవలెనా?

"మంచి జరిగినప్పుడు వ్రాయవచ్చును. పని చెడినప్పుడు వ్రాసినచో దాత పారిపోడా?" అని మమ్మును అడిగినవారు ఉన్నారు. దీనికి నెల్లూరు చరిత్ర జవాబు చెప్పును.

అమెరికా బాప్తిస్టుల తెలుగు మిషను 1836లో ఆరంభమై, 1840లో నెల్లూరులో స్థిరపడినది. ఏండ్లు గడచినను విశ్వాసులు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందియే. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరమున జరిగిన సభలలో ఈ మిషనును మూసివేయుదమా అను ప్రశ్న వచ్చెను. పటము మీద ఒంటరిగా నున్న ఆ స్థలమును ఒంటరి నక్షత్రమని ఎవరో అనిరి. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను కవి ఆ మాటను పట్టుకొని ఒక పద్యము వ్రాసి ఇచ్చెను. సభలో అది చదువగా హృదయములు మారినవి, మిషను నిలిచినది. 1862లో మరల అదే ప్రశ్న. అప్పుడు జూయెట్ దొరగారు, మీరు పంపకపోయినను నేను ఒంటరిగానైనను తిరిగి పోవుదునని పట్టుపట్టిరి. ఆయనతో పాటు వచ్చిన క్లౌ దొరగారి కాలమున, 1876–78 కరువు తరువాత, 1878లో కొద్ది వారములలోనే 9,000 మందికి పైగా బాప్తిస్మము పొందిరి.

ఆ దాతలకు ఫలము లేదన్న నిజము తెలియకుండలేదు. లెక్క వారి యెదుట ఉన్నది: ఇన్ని ఏండ్లు, ఇంత ధనము, ఇంత కొద్ది మంది. నిజము తెలిసియే వారు నిలిచిరి. తెలియక ఇచ్చువాడు తెలిసిన దినమున విడిచిపోవును, తెలిసి ఇచ్చువాడు కష్టకాలమున భుజము కలుపును. కప్పు పని ఆగిపోయినచో ఆగినదని వ్రాయుడి, కారణము వ్రాయుడి, డబ్బు ఎక్కడ ఉన్నదో వ్రాయుడి. ఆ విధవరాలికి కావలసినది అంతమాత్రమే.

పుచ్చుకొనిన చేయి ఇచ్చు చేయి కావలెను

ఇచ్చువాడు ఎల్లప్పుడు ఇచ్చుచు, పుచ్చుకొనువాడు ఎల్లప్పుడు పుచ్చుకొనుచు ఉన్నచో అది బంధము కాదు, అలవాటు. కొంతకాలమునకు ఇచ్చువానికి విసుగును, పుచ్చుకొనువానికి చిన్నతనమును కలుగును. దీనికి విరుగుడు దోర్నకల్లు.

1903లో తిరునల్వేలిలోని తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ అను సంఘమును స్థాపించిరి. వేదనాయగము శామ్యూల్ అజరయ్య గారు దానికి ప్రాణము. భారతీయుల మనుష్యులు, భారతీయుల ధనము, భారతీయుల నిర్వహణ అను మూడును దాని నియమములు. 1904లో వారు తమ మొదటి మిషనరీని నిజాం రాజ్యములోని దోర్నకల్లునకు పంపిరి. భాష వేరు, రాజ్యము వేరు, బంధుత్వము ఏమియు లేదు. మిషనరీల చేత పెంచబడిన సంఘము తానే మిషనరీలను పంపెను. తరువాత అజరయ్య గారు తామే దోర్నకల్లునకు వచ్చి, 1912లో అక్కడి బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో భారతీయుడైన మొదటి బిషప్పు వారే. బీద గ్రామ సంఘములకు ఇచ్చుట నేర్పించుట వారి సేవలో ఒక ముఖ్య భాగము. ఈ విషయమై వారు ఒక పుస్తకమే వ్రాసిరి.

మన తల్లులు అన్నము వండునప్పుడు గుప్పెడు బియ్యము వేరుగా కుండలో వేసి ఆదివారము దేవాలయమునకు తెచ్చుట మనలో పెద్దలైనవారు ఎరుగుదురు. మిజోరాములో ఇదే ఆచారము 1910లో స్త్రీలచే మొదలై, నేటికిని ఇంటింట నిలిచి, ఏటేట కోట్ల రూపాయలకు చేరినది. గుప్పెడు బియ్యముతో ఇంత ఎట్లు జరిగినది? ప్రతి ఇల్లును ప్రతి పూట ఇచ్చినది, స్త్రీలు వారము వారము పోగుచేసిరి, ఆ బియ్యము ఎక్కడికి పోవునో అందరికిని తెలియును. దాతలు దొరకలేదని మొరపెట్టు సంఘము ముందు తన వంటింటి కుండను చూచుకొనవలెను. మనము ఇతరులకు ఇచ్చువారమైన దినమున, మనకిచ్చువాని మనస్సు మనకు తెలియును.

మారిన కాలము

ఈ మాటలు ఇప్పుడెందుకు అత్యవసరము? విదేశ సహాయము ఇదివరకటివలె రాదు. దీనికి సంబంధించిన చట్టము మొదట 1976లో వచ్చెను. 2010లో దాని స్థానమున క్రొత్త చట్టము వచ్చెను. 2020లో చేసిన సవరణతో నియమములు మరింత గట్టిపడినవి. నమోదు లేక అనుమతి పొందిన సంస్థ మాత్రమే విదేశ విరాళము పుచ్చుకొనవలెను. అది ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన ఖాతాలోనికే రావలెను. పుచ్చుకొనిన సంస్థ దానిని మరియొక సంస్థకు పంచి ఇయ్యరాదు. కార్యాలయ ఖర్చులకు నూటికి 20 వంతులకు మించి వాడరాదు. ఏటేట లెక్కలు ప్రభుత్వమునకు సమర్పింపవలెను.

మన పిల్లల విషయములోను జాగ్రత్త కావలెను. విదేశములో ఉద్యోగము చేయుచున్నను భారత పౌరసత్వము గలవారు తమ సొంత సంపాదనలో నుండి బ్యాంకు ద్వారా పంపినది విదేశ విరాళముగా ఎంచబడదు. కాని ఆ దేశపు పౌరసత్వము పుచ్చుకొన్నవారు పంపినది, వారు మన ఇంట పుట్టిన బిడ్డలైనను, విదేశ విరాళమే. ఈ భేదము తెలియక కోశాధికారులు చిక్కులలో పడకుండునట్లు చూచుకొనవలెను.

కొందరు ఈ చట్టములను చూచి భయపడుచున్నారు. మా మనవి ఏమనగా, ప్రభుత్వమునకు ఏటేట లెక్క ఇచ్చుట నేర్చుకొంటిమి, ఇయ్యనిచో నమోదు పోవునను భయమున్నది గనుక. అదే లెక్కను దాతకు ప్రేమచేత ఇచ్చుట ఎప్పుడు నేర్చుకొందుము? నూరేండ్ల క్రిందటి దాతలు గతించిరి. వారి మనుమలకు మన ఊరి పేరు తెలియదు. ఇకమీదట మన బడులను, బోర్డింగులను నిలుపువారు ఈ బల్లలమీద కూర్చున్నవారే, వారి పిల్లలే, మన పొరుగువారే. వారి నమ్మకము పోగొట్టుకొనినచో మన పూర్వికులు కట్టినవి తాళము వేసిన కట్టడములుగా మిగులును.

మనము చేయదగిన పనులు

మేము పాస్టరేటు కమిటీల యెదుట కొన్ని సంగతులు ఉంచుచున్నాము.

ఒకటి. కానుక ముట్టిన వారము దినములలోపల రశీదుతో కూడ రెండు వాక్యముల ఉత్తరము పోవలెను. పది రూపాయలైనను, పది లక్షలైనను. చదువురాని వారింటికి ఒక పెద్ద పోయి నోటితో చెప్పవలెను.

రెండు. దేనికొరకు ఇచ్చిరో దానికే వాడవలెను. బోర్డింగు కప్పు సొమ్ము మైకుసెట్టుకు పోరాదు. తప్పనిసరి యైనచో ముందుగా దాతను అడిగి, ఒప్పుకొన్న తరువాతనే మార్చవలెను.

మూడు. సంవత్సరమునకు రెండుసార్లు, ఈస్టరు తరువాత ఒకసారి, కోతపండుగ ముందు ఒకసారి, ఇచ్చినవారందరికి వార్త పంపవలెను. వచ్చినదెంత, ఖర్చయినదెంత, నిలువ ఎంత, పని ఎంతవరకు వచ్చెను, ఏది చెడిపోయెను. ఒక్క కాగితము చాలును. అందులో ఏమియు అడుగరాదు.

నాలుగు. ఏమియు అడుగకుండ దాతల ఇంటికి పోవలెను. వారింట జబ్బు, పెండ్లి, మరణము సంభవించినప్పుడు సంఘము అక్కడ ఉండవలెను. రశీదు పుస్తకము ఇంటి దగ్గర విడిచి పోవలెను. స్త్రీల మైత్రివారు ఈ పనికి మాకంటె తగినవారు.

ఐదు. దాతల పేర్లు, వారు ఇచ్చినవి, వారికి వ్రాసిన ఉత్తరముల నకళ్లు ఒక పుస్తకములో ఉండవలెను. ఆ పుస్తకము సంఘము సొత్తు. మా వంటి గురువులము కొన్ని ఏండ్లకు బదిలీ అయి పోవుదుము. అయ్యగారి పెట్టెతో పాటు దాతల చిరునామాలు కూడ పోయిన సంఘములు ఎన్ని లేవు! దాత స్నేహము చేసినది అయ్యగారితో కాదు, సంఘముతో అని అతనికి తెలియునట్లు కార్యదర్శియు, కోశాధికారియు కూడ ఆ ఉత్తరములమీద సంతకము చేయవలెను.

ఆరు. కొన్ని కానుకలను వద్దనుటకు ధైర్యము కావలెను. కమిటీలో పదవి కొరకో, ఎన్నికలలో ఓట్ల కొరకో, తన మాటయే చెల్లవలెనను పట్టుదలతోనో ఇచ్చునది కానుక కాదు, వెల. వెల పుచ్చుకొన్నవాడు వస్తువు ఇచ్చివేయవలసి వచ్చును. అట్టివానికి వినయముగా వందనము చెప్పి, సొమ్ము తిరిగి ఇచ్చుట సంఘమునకును క్షేమము, అతని ఆత్మకును క్షేమము.

కుడిచేయి, ఎడమచేయి

కడపట ఒక ప్రశ్న. కుడిచేయి ఇచ్చునది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు నేర్పలేదా, మరి ఈ ఉత్తరములు, పుస్తకములు ఎందుకు అని భక్తిగలవారు అడుగుదురు. మంచి ప్రశ్నయే. ఆ ఆజ్ఞ ఇచ్చువానికి. తన దానమును తాను చాటుకొనరాదు. పుచ్చుకొనువానికి ఆ ఆజ్ఞ లేదు. అతనికి ఉన్న ఆజ్ఞ వేరు: గృహనిర్వాహకుడు నమ్మకమైనవాడై యుండవలెను, లెక్క అప్పగింపవలెను. దాత మౌనముగా ఉండుట దాత భక్తి. మనము మౌనముగా ఉండుట భక్తి కాదు, బాకీ.

పేర్ల విషయములో మాత్రము మితము పాటింతము. పంకా రెక్కల మీదను, ట్యూబులైటు మీదను దాత పేరు వ్రాయించి, వెలుతురు కంటె అక్షరములు ఎక్కువగా కనబడునట్లు చేయుట మన దేశములో అందరును ఎరిగిన వింత. ఫలకము మీద చెక్కిన పేరు రాయికి తెలియును. ఉత్తరములో వ్రాసిన పేరు మనిషికి తెలియును. ఒకే పేరును పదిచోట్ల వ్రాయుటకంటె, పదిమందికి ఒక్కొక్క ఉత్తరము వ్రాయుట మేలు.

ప్రియులారా, రాబోవు కోతపండుగ నాటికి ప్రతి పాస్టరేటును ఒక్క పని చేయవలెనని మా మనవి. గడచిన రెండు సంవత్సరములలో ఏ నిమిత్తమైనను ఇచ్చిన వారి పేర్లన్నియు వ్రాసి, ఒక్కొక్కరికి ఆ సొమ్ము ఏమైనదో తెలియజేయుడి. జవాబు లేని చోట జవాబు వెదకుడి. వేలంపాటలో కోడిని, మేకను, గుమ్మడికాయను పాడుకొనుటకు ముందు ఆ లెక్క చదివి వినిపించుడి. ముందు వరుసలో కూర్చున్న వారికి మాత్రమే గాక, తలుపు దగ్గర చాప మీద కూర్చున్న తల్లికి కూడ వినబడునంత బిగ్గరగా చదువుడి.

తన సేవలో కొద్దిపాటి రొట్టెలను ఒక చిన్నవాని చేతిలో నుండి అందుకొని, మిగిలిన ముక్కలను సహా లెక్కించి ఎత్తించిన ప్రభువు, మనలను ఇచ్చుటయందును, పుచ్చుకొనుటయందును నమ్మకమైనవారినిగా చేయును గాక. ఆమేన్.